తెర ముందు పాఠకుడు

మన దేశంలో సినిమా తీసేవారికి బిరుదులున్నవి. నటించేవారికి గుడులు కూడా ఉన్నవి. సినిమాను గురించి ఆలోచించి వ్రాసేవానికి మాత్రం సమాజంలో ఒక స్థానమంటూ ఏర్పడలేదు. విమర్శకుడనగానే, చిత్రం విడుదలైన నాడు తీర్పు చెప్పి మరునాటికి మరపున పడేవాడన్న అభిప్రాయం పాతుకొనిపోయినది. ఈ అభిప్రాయం తప్పని తన జీవితం ద్వారా నిరూపించిన వ్యక్తి చిదానంద దాస్‌గుప్తా. 2011 మే 22న, తొంభయ్యవ ఏట, ఆయన కన్నుమూశారు. ఆయన కృషిని మరొకసారి తలచుకొనటానికి తెలుగువారికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. ఆయన మన ఓటర్లను గురించి ఒక గట్టి మాట అన్నారు. ఆ మాట నేటికీ చర్చకు నిలుస్తున్నది.

దాస్‌గుప్తా 1921లో షిల్లాంగులో జన్మించారు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే, 1947 అక్టోబరులో, సత్యజిత్ రాయ్‌తోనూ మరికొందరు మిత్రులతోనూ కలసి కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించారు. దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న నగరంలో కొందరు యువకులు కూడి ఐసెన్‌స్టీన్ తీసిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్' చూచి, రాత్రి పొద్దుపోయే వరకు చర్చించుకొనటం ఆనాడు ఎవరికైనా విలాసంగానే కనిపించి ఉండవచ్చు. కాని ఎనిమిదేళ్లు గడిచేసరికి ఆ బృందం నుంచే 'పథేర్ పాంచాలి' వెలువడినది. మంచి ప్రేక్షకుడు తయారైన చోటనే మంచి చిత్రం పుడుతుందనటానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

1959లో ఈ సంఘాలన్నీ కలసి సమాఖ్యగా ఏర్పడినవి. రాయ్ అధ్యక్షులు. ఆ సంస్థను నిలబెట్టే రోజువారీ చాకిరిని నెత్తిన వేసుకున్న వారిలో దాస్‌గుప్తా ఒకరు. ఉపాధ్యక్ష స్థానంలో ఉన్న ఇందిరాగాంధీ తరువాత కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిణి అయ్యారు. 1951 నాటి పాటిల్ విచారణ సంఘం నివేదిక దరిమిలా 1960లో చిత్రాలకు రుణమిచ్చే కార్పొరేషను, పూనాలో శిక్షణ సంస్థ ఏర్పడినవి. 1964లో జాతీయ ఫిలిం భాండాగారం వచ్చినది. ఇవన్నీ ప్రభుత్వం కట్టిన కట్టడాలే. అయితే వాటిని కోరే అభిరుచిని దేశంలో పెంచిన వారిలో ఈ కొద్దిపాటి పాఠకులు, ప్రేక్షకులు ముఖ్యులు.

పాఠకులు అన్న మాటను నేను కావాలనే వాడాను. దాస్‌గుప్తా సినిమా దగ్గరకు పుస్తకాల దారిన వచ్చినవారు. ఢిల్లీలో 'స్పాన్' పత్రికకు సంపాదకత్వం వహించినా, స్వయంగా చిత్రాలకు దర్శకత్వం వహించినా, ఆయన స్వస్థానం గ్రంథాలయమే అనిపిస్తుంది. జీవనానంద దాస్ కవితలను ఆంగ్లంలోకి అనువదించిన వ్యక్తి ఆయన. బెంగాలీ నవలను, యూరపు చిత్రాన్ని, పల్లెటూరి జాతరను ఒకే చూపులో పట్టగలిగినది ఈ చదువు వల్లనే. 1980లో రాయ్ చిత్రాలపై ఆయన వెలువరించిన గ్రంథంలో మిత్రుని భజన కనిపించదు. ఒక దర్శకుడు ఏ సంస్కారం నుంచి వచ్చాడు, ఆ సంస్కారం ఎక్కడ ఆయనకు బలమైనది, ఎక్కడ హద్దు గీసినది అన్న విచారణ కనిపిస్తుంది.

అదే సంవత్సరం పార్లమెంటు సభ్యురాలైన నర్గిస్, సత్యజిత్ రాయ్ భారతదేశపు దారిద్ర్యాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారని విమర్శించటం పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన చట్టసభలలో సినిమా ప్రస్తావన వచ్చే పద్ధతి చాలవరకు ఇదే. పన్నుల సందర్భంలోనో, సెన్సారు సందర్భంలోనో, జాతి ప్రతిష్ఠకు భంగమన్న ఆరోపణతోనో వస్తుంది. ఇన్నేళ్లుగా పత్రికల గ్యాలరీలో కూర్చున్న నాకు, ఒక చిత్రం ఏమి చెబుతున్నదని నిదానంగా చర్చించిన సభ్యులు అరుదుగానే తారసపడ్డారు. రాజకీయులు సినిమాకు భయపడతారు, లేదా దానిని వాడుకుంటారు. దానిని చదవటం మాత్రం అలవరచుకొనలేదు.

దాస్‌గుప్తా మనను గురించి అన్న మాట ఇప్పుడు చెప్పాలి. దర్యాగంజ్ కాలిబాటపై ఆదివారం పాత పుస్తకాల సంత సాగుతున్న రోజుల్లో (2019లో దానిని అక్కడి నుంచి తరలించారు) నేను కొన్న గ్రంథాలలో 1991 నాటి 'ది పెయింటెడ్ ఫేస్' ఒకటి. అందులో దక్షిణాది నటనాయకులపై ఒక అధ్యాయం ఉన్నది. దాని సారాంశం ఇది: విద్యుత్తు, సినిమాహాలు ముందు వచ్చి, శాస్త్రీయ దృష్టి వెనుకబడిన సమాజంలో కంటికి కనిపించినదే సత్యమై కూర్చుంటుంది. తెరమీద కృష్ణుడైనవాడు తెర దిగి వచ్చి ఓటు అడిగితే, భక్తునికీ ఓటరుకూ మధ్య గీత చెరిగిపోతుంది. రామారావుగారి విజయాన్నీ, తమిళనాట రామచంద్రన్ విజయాన్నీ ఆయన ఈ దృష్టితో పరిశీలించారు.

ఈ వాదన చదివిన తెలుగువాడు నొచ్చుకొనటం సహజం. కాని నొప్పి సమాధానం కాదు. సమాధానం చరిత్రలో వెదకవలసి ఉంటుంది. 1978 నుంచి 1983 లోపల ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఆ మార్పులను నిర్ణయించినది ఢిల్లీ. 1982లో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యగారికి జరిగిన అవమానాన్ని రాష్ట్రమంతా తనదిగా భావించినది. అదే ఏడు మార్చి 29న పుట్టిన పార్టీ తొమ్మిది నెలలలో 294 స్థానాలకు గాను రెండు వందలకు పైగా గెలిచినదంటే, అందులో కృష్ణుని కిరీటానికెంత వాటా ఉన్నదో, రెండు రూపాయల కిలో బియ్యానికీ, ఆత్మగౌరవమన్న పదానికీ అంతకంటె తక్కువ వాటా లేదు. 1984 డిసెంబరులో దేశమంతా కాంగ్రెసుకు నాలుగు వందలకు పైగా స్థానాలిచ్చిన గాలిలో కూడా తెలుగు ఓటరు ఎదురునిలిచి ముప్ఫై మంది సభ్యులను లోక్‌సభకు పంపాడు. ఒక ప్రాంతీయ పార్టీ ఆ సభలో ప్రధాన ప్రతిపక్షమైనది.

అదే ఓటరు 1989లో అదే నాయకుని దించివేశాడు. హిందూపురంలో గెలిపించి కల్వకుర్తిలో ఓడించాడు. దేవుడని నమ్మినవాడు దేవుని ఓడించడు. 1994లో తిరిగి పిలిచాడు. ఆ తరువాతి కథ కూడా ఇంతే. 2009లో చిరంజీవిగారు తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడారు. పవన్ కల్యాణ్‌గారు 2019లో నిలిచిన రెండు చోట్లా ఓడి, 2024లో పిఠాపురంలో గెలిచారు. హాలులో ఈల వేసినవాడు పోలింగు కేంద్రంలో లెక్క వేసుకుంటున్నాడనటానికి ఇవి చాలు.

అంతమాత్రాన దాస్‌గుప్తా శ్రమ వృథా అని నేననను. ఆయన వేసిన ప్రశ్న సరైనది. దానిని దక్షిణాది పల్లెకు మాత్రమే తగిలించటమే పొరపాటు. రూపాన్నీ సత్యాన్నీ కలగలిపే విద్య నేడు ఒక ప్రాంతపు సొత్తు కాదు. ప్రతి పార్టీకీ దృశ్యాలను అల్లే యంత్రాంగం ఉన్నది. ప్రతి చేతిలోనూ ఒక చిన్న తెర ఉన్నది. పట్టభద్రుడు కూడా కంటబడినదానిని నిజమని మిత్రులకు పంపుతున్నాడు. 1980లలో మనవైపు వేలు చూపి ఆయన అన్నది నేడు దేశం మొత్తానికీ వర్తించే హెచ్చరిక అయినది.

ఇందువల్లనే విమర్శ అవసరం. విమర్శకుడు ఎల్లప్పుడూ ఒప్పే చెప్పనక్కరలేదు. ఆధారాలు చూపి, తర్కించి, మనం ఖండించటానికి వీలైన రూపంలో చెబితే చాలు. దాస్‌గుప్తా మనకు ఆ గౌరవం ఇచ్చారు. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పండితులు తెలుగు సినిమా సామాజిక చరిత్రను లోతుగా పరిశోధించి ఆంగ్లంలో గ్రంథాలు వెలువరించారు. తెలుగు దినపత్రికల పుటలలో ఆ స్థాయి చర్చకు ఎంత చోటు దక్కుతున్నదో పాఠకులే చెప్పగలరు. కొడవటిగంటి కుటుంబరావుగారు సినిమాపై విరివిగా వ్యాసాలు వ్రాసిన భాష మనది. ఆ వారసత్వం పోస్టర్ల మధ్య నలిగిపోవటం విచారకరం.

రాజధానిలో కూడా గాలి అనుకూలంగా లేదు. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదంలో అపురూపమైన నైట్రేటు రీళ్లు దగ్ధమైనవి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి మనకు దక్కనేలేదు. సెన్సారుపై అప్పీళ్లు విచారించే ట్రైబ్యునలును 2021లో రద్దు చేశారు. ఫిలిం భాండాగారాన్నీ, ఫిలిమ్స్ డివిజన్‌నూ 2022లో చలనచిత్రాభివృద్ధి కార్పొరేషనులో కలిపివేశారు. పొదుపు, సమన్వయం అన్నవి కారణాలుగా చెప్పారు. కావచ్చు. కాని భాండాగారం వ్యాపార సంస్థ కాదు, జాతి జ్ఞాపకం. దాని బాగోగులు ఏమైనవని పార్లమెంటులో ఏటేటా అడిగే సభ్యులు కావాలి. తెలుగు సభ్యులు ఎందుకు అడగరాదు?

ప్రతి జిల్లా గ్రంథాలయంలో నెలకొకసారి ఒక మంచి చిత్రం చూపి, దానిపై గంటసేపు వాదించుకొనే ఏర్పాటుకు కోట్లు అక్కరలేదు. 1947లో కలకత్తా యువకుల వద్ద కోట్లు లేవు. పుస్తకాలు చదివే అలవాటు, చూచినదానిని ప్రశ్నించే అలవాటు ఉన్నవి. ఆ రెండూ కలిగిన ప్రేక్షకులు ఊరికి పదిమంది ఉన్నా, రంగు పూసిన ముఖాలు అంత సులువుగా మనను ఏలలేవు.