అందరికీ ఒకే సలహా ఇస్తే ఆ సలహానే అబద్ధమైపోతుంది

2023 జూలైలో టమాటా కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండొందలు పలికింది గుర్తుందా? అప్పుడు "ఇదే అదను, నారు నాటండి" అని వీడియో పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సెప్టెంబరు కల్లా చాలా మార్కెట్లలో అదే టమాటా పది రూపాయల లోపుకి పడిపోయింది. నా మాట విని రెండెకరాలు వేసిన ఒక తమ్ముడు, కోత కూలీ కూడా రాదని కాయని చేలోనే వదిలేశాడు. ఆ వీడియో తీసేశా. తప్పెక్కడ జరిగిందో అర్థం కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అమెరికాలోని శాంటా ఫే ఊళ్లో ఎల్ ఫరోల్ అనే బార్ ఉంది. బ్రయాన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త 1994లో దాని మీద కంప్యూటర్లో ఒక ఆట కట్టాడు. ఊళ్లో వందమంది ఉన్నారనుకుందాం. అరవై మంది లోపు వస్తేనే అక్కడ హాయి, మించితే ఇరుకు. ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని రకాల అంచనాలుంటాయి. ఈమధ్య ఏది నిజమైతే దాన్ని నమ్మి, వెళ్లాలో మానాలో తేల్చుకుంటారు. ఎవరూ చెప్పకుండానే హాజరు అరవై చుట్టూ తిరిగింది. కారణం, అంచనాలు రకరకాలుగా ఉండటమే. "ఈ రోజు ఖాళీగా ఉంటుంది" అని అందరూ ఒకేలా అనుకుంటే అందరూ వచ్చేస్తారు, అంచనా తలకిందులవుతుంది.

మా రైతు గ్రూపులో పదిమందిమి గింజలతో ఇదే ఆడి చూశాం. చింతగింజ అంటే టమాటా, ఆముదం గింజ అంటే వేరే పంట. ఆరుగురు దాకా టమాటా వేస్తే వాళ్లకి లాభం, ఏడో మనిషి చేరితే అందరికీ నష్టం. ఎవరికి వాళ్లు ఆలోచించుకున్నప్పుడు లెక్క అయిదు, ఆరు, ఏడు దగ్గరే ఆడింది. తర్వాత నేను లేచి, "పోయినసారి దేనికి డబ్బులొచ్చాయో అదే వేయండి" అని ప్రతిసారీ సలహా చెప్పా. ఒకసారి తొమ్మిది మంది, తర్వాత ఇద్దరు, మళ్లీ తొమ్మిది మంది! కింద వీడియోలో చూడండి, నవ్వొస్తుంది. కానీ మన మార్కెట్ యార్డుల్లో జరిగేది అదే.

మాట్లాడుకోవడం తప్పని నేను అనట్లేదు. ఏం మాట్లాడుకుంటున్నామన్నదే ముఖ్యం. వాట్సాప్‌లో నిన్నటి ధర పంచుకుంటాం గానీ, ఎవరు ఎన్ని ఎకరాలు వేస్తున్నారో చెప్పుకోం. ధర నిన్నటి కథ, రేపు యార్డుకొచ్చే సరుకు ఆ ఎకరాల్లోనే ఉంది.

ప్రకృతి సేద్యం ధర పడకుండా ఆపుతుందని చెప్తే అది ఇంకో అబద్ధం. కానీ టమాటా పక్కన బంతి, అలసంద, కొత్తిమీర, గట్టు మీద కంది ఉన్న చేను ఒక్క ధర మీద ఆధారపడదు. ఎరువు, పురుగుమందు అప్పు లేకపోతే పడ్డా లేవగలం.

ఇకమీదట ఈ బ్లాగులో "ఈ పంట వేస్తే లక్షలు" అనే వీడియో ఉండదు. ఎలా పండించాలో చెప్తా, ఏది ఎంత వేయాలో మీ చేను చూసి మీరే తేల్చుకోండి. ఈ సీజన్‌లో మీరు ఏ పంట ఎన్ని సెంట్లు వేస్తున్నారో మాత్రం కామెంట్‌లో రాయండి. ఆ లెక్క మనందరికీ పనికొస్తుంది.