సిలబస్ రాసేది ఎవరు? అడిగేది ఎవరు?

'చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకు?' ఈ మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇంట్లో నాయన అంటాడు, కాలేజీలో ప్రిన్సిపాల్ అంటాడు, ఊరేగింపు కనబడితే ఎస్ఐ కూడా అంటాడు. కానీ అదే పిల్లలకు పౌరశాస్త్రం పాఠంగా పెట్టి, పరీక్ష పెట్టి, మార్కులు వేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టేది కూడా సర్కారే. మరి ఆ పాఠంలో ఏముండాలె, ఏముండొద్దు అని తేల్చేదెవరు? ఎవరిని అడిగి తేలుస్తున్నారు? మన దగ్గర ఈ ప్రశ్న వేసినవాళ్లు తక్కువ. ఇంగ్లండులో 17 ఏళ్ల విద్యార్థిని వేసింది. వేసి, సర్కారును వెనక్కి తగ్గించింది. ఆ ముచ్చట మన విద్యార్థులకు, టీచర్లకు, ఉద్యోగులకు ఎరుక కావాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇంగ్లండులో పదహారేళ్లు దాటిన పిల్లలు రెండేళ్లపాటు 'ఎ-లెవెల్' చదువుతారు. మన ఇంటర్మీడియట్ లాంటిదే. చాలామంది మూడు సబ్జెక్టులు తీసుకుంటారు. ఆ మార్కులతోనే యూనివర్సిటీ సీటు. అందులో రాజకీయాలు ఒక సబ్జెక్టు. సబ్జెక్టులో ఏముండాలో విద్యాశాఖ చెబుతుంది. దాన్ని బట్టి పరీక్షా బోర్డులు వివరమైన సిలబస్ తయారుచేస్తాయి. దానికి 'ఆఫ్‌క్వాల్' అనే నియంత్రణ సంస్థ ముద్ర వేయాలె. ఇన్ని మెట్లున్నా మొదటి మెట్టు దగ్గరే ఒక పద్ధతి పెట్టుకున్నారు: ముసాయిదాను బయటపెట్టి, గడువు చెప్పి, ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు అనాలె. టీచరైనా, తల్లిదండ్రులైనా, విద్యార్థి అయినా.

2015 నవంబరులో రాజకీయాల ఎ-లెవెల్‌కు అట్లాంటి ముసాయిదా ఒకటి వచ్చింది. చూస్తే అప్పటిదాకా పాఠంగా ఉన్న స్త్రీవాదం మాయమైంది. వందేళ్ల కింద ఓటు హక్కు కోసం జైళ్లకు పోయిన ఆడవాళ్ల పోరాటం ఒత్తిడి గ్రూపుల పాఠం కింద ఒక ఉదాహరణగా మిగిలింది. పేరు పెట్టి చదవమన్న రాజకీయ ఆలోచనాపరుల్లో ఒక్కరే మహిళ, మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్. మిగిలినవాళ్లంతా మగవాళ్లే. ఆ దేశాన్ని పదకొండేళ్లకు పైగా ఏలింది ఒక మహిళా ప్రధాని. ఆ ముసాయిదా వచ్చిననాడు విద్యామంత్రి కూడా మహిళే. కుర్చీలో మహిళ కూర్చున్నంత మాత్రాన కాగితం మీద మహిళకు చోటు దొరకదని దీంతోనే తెలుస్తున్నది. మనవాడు మంత్రి అయితే మన పని అయిపోయినట్టే అనుకునేవాళ్లు ఇది యాది పెట్టుకోవాలె.

అప్పుడు ఎ-లెవెల్ చదువుతున్న ఒక అమ్మాయి పిటిషన్ పెట్టింది. వేల మంది సంతకాలు చేశారు. టీచర్లు రాశారు, పత్రికలు రాశాయి. అంతకుముందే, అదే 2015లో, ఇంకో 17 ఏళ్ల విద్యార్థిని సంగీతం సిలబస్ లెక్కబెట్టింది. ఒక బోర్డు పెట్టిన ఎ-లెవెల్ సంగీతంలో 63 మంది స్వరకర్తలుంటే 63 మందీ మగవాళ్లే. ఆమె అడిగిన తర్వాత ఆ బోర్డు సిలబస్‌ను మార్చుకుంది. ఇద్దరు అమ్మాయిలూ చేసిన పని ఒకటే: సిలబస్ కాగితం తీసి, అందులో ఎవరి పేర్లున్నాయో, ఎవరివి లేవో లెక్కగట్టారు. దీనికి పీహెచ్‌డీ అక్కరలేదు, వేళ్లుంటే చాలు.

2016 జనవరిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. స్త్రీవాదం సిలబస్‌లోకి తిరిగి వచ్చింది. 2017 సెప్టెంబరు నుంచి కొత్త సిలబస్ తరగతి గదుల్లోకి పోయింది, 2019లో మొదటి పరీక్షలు జరిగాయి. అందరూ తప్పనిసరిగా చదవాల్సిన ఉదారవాదం, సోషలిజం పాఠాల్లో వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌తో పాటు బెట్టీ ఫ్రీడన్, బీట్రిస్ వెబ్, రోజా లక్సెంబర్గ్ పేర్లు చేరాయి. స్త్రీవాదం పాఠంలో సిమోన్ ద బోవా, బెల్ హుక్స్ వంటి వాళ్లున్నారు.

అయితే గెలుపును గెలుపుగానే చూద్దాం, పెంచి చెప్పుకోవద్దు. స్త్రీవాదం తిరిగి వచ్చింది గానీ తప్పనిసరి పాఠంగా రాలేదు. అరాజకవాదం, పర్యావరణవాదం, స్త్రీవాదం, బహుళ సంస్కృతివాదం, జాతీయవాదం, ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. అంటే స్త్రీవాదం ముట్టకుండానే ఒక పిల్లవాడు రాజకీయాల్లో మంచి గ్రేడు తెచ్చుకోవచ్చు. తలుపు తెరిచారు, కానీ పక్క గది చూపించారు.

ఇంకొక లెక్క కూడా కట్టాలె. ఆ సిలబస్‌లో పేరుపెట్టిన ఆలోచనాపరుల జాబితాలో మనదేశంలో పుట్టిన భిక్కూ పరేఖ్ ఉన్నారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి 1923లో డాక్టరేట్ పొందిన అంబేద్కర్ లేరు. సమానత్వం గురించి ఆయనంత లోతుగా ఆలోచించినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆయన చదివిన నగరంలోనే ఆయన ఆలోచన పరీక్షకు పనికిరాలేదు. ఇయ్యాళ మన జిల్లాల నుంచి పోయిన కుటుంబాల పిల్లలు అక్కడి బడుల్లో కూర్చున్నారు. బతుకమ్మ, బోనాలు అక్కడ బాజాప్తా చేసుకుంటున్నాం, సంతోషం. ఇంకోసారి ముసాయిదా బయటికొచ్చిననాడు మన సంఘాలు ఒక ఉత్తరం కూడా రాయాలె. ప్రజాభిప్రాయ సేకరణలో అడిగిన గొంతే లెక్కకొస్తుంది. నోరు మెదపనివాళ్లను వెతుక్కుంటూ ఏ ప్రభుత్వమూ రాదు.

ఇక మన దేశం సంగతి చూద్దాం.

2020 జూలైలో కరోనా పేరు చెప్పి సీబీఎస్ఈ సిలబస్‌ను తగ్గించింది. 11వ తరగతి రాజకీయశాస్త్రంలో ఆ ఒక్క ఏడాదికి పరీక్ష నుంచి తీసేసిన పాఠాలు ఏవో తెలుసా? సమాఖ్య విధానం, పౌరసత్వం, జాతీయవాదం, లౌకికవాదం. రాష్ట్రాలంటే ఏమిటి, కేంద్రంతో వాటి లెక్కలేమిటి అన్న పాఠమే భారంగా కనబడింది. రాజ్యాంగంలోని మూడో అధికరణం పేరు చదువు రాని మా ఊరి రైతు నోట కూడా ఆడింది. అట్లాంటి గడ్డ మీద ఈ కోత గురించి ఒక్క సభ గట్టిగా జరగలేదు. 'ఒక్క ఏడాదికే కదా' అన్నారు. ఒక్క ఏడాది అంటే ఒక తరం పిల్లలు. వాళ్లు మళ్లీ 11వ తరగతికి రారు.

2022 జూన్‌లో ఎన్‌సీఈఆర్‌టీ ఇంకో జాబితా ఇచ్చింది. భారం తగ్గించడమని, ఒకే విషయం రెండుచోట్ల ఉందని కారణాలు చెప్పింది. 10వ తరగతిలో 'ప్రజా పోరాటాలు, ఉద్యమాలు' పాఠం పోయింది. నేపాల్ ప్రజాస్వామ్య పోరాటం, బొలీవియా నీళ్ల కొట్లాట అందులోనివే. 12వ తరగతిలో 'ప్రజా ఉద్యమాల వెల్లువ' గురించిన అధ్యాయం మొత్తం పోయింది. చిప్కో, దళిత్ పాంథర్స్, నర్మదా బచావో ఆందోళన్, సమాచార హక్కు ఉద్యమం దాంతోపాటే పోయాయి. తెలుగువాళ్లు ప్రత్యేకంగా బాధపడాల్సింది ఒకటి అందులో ఉంది: నెల్లూరు జిల్లా దూబగుంట.

దూబగుంట ఆడవాళ్ల కథ మన పెద్దలకు యాదికే ఉంటుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు పోయిన పేద ఆడవాళ్లు అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. మొగుని కూలి పైసలన్నీ సారా కొట్టుకు ఎందుకు పోతున్నయని అడిగారు. సారా కొట్టు మూయించారు. ఆ కొట్లాట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అది వేరే కథ. పలక పట్టి అక్షరాలు దిద్దుకున్న తల్లులు ప్రభుత్వ ఖజానానే ప్రశ్నించారు. చదువు మనిషిని ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడుంది? ఆ పాఠాన్నే చదువులోంచి తీసేశారు!

ఎవరిని అడిగి తీశారు? నిపుణులతో చూపించామన్నారు. కానీ ఆ పుస్తకాల ముఖ్య సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ 2023 జూన్‌లో తమ పేర్లు తొలగించాలని లేఖ రాశారు. తమను సంప్రదించలేదని, కనీసం చెప్పలేదని వాళ్ల ఆరోపణ. పుస్తకం తయారుచేసినవాళ్లకే కబురు లేకపోతే వరంగల్‌లో టీచర్‌కు, ఆదిలాబాద్‌లో విద్యార్థికి ఎవరు చెబుతారు? కేంద్రీయ విద్యాలయం, నవోదయ పిల్లల ముచ్చటే కాదు ఇది. గ్రూప్స్, సివిల్స్ చదివే ప్రతి పిల్లవాని గదిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల కట్ట ఉంటుంది.

మన ఇల్లు సంగతి కూడా చెప్పుకోవాలె. ఇతరుల తప్పులు ఎంచి మనవి దాచుకోవడం మాకు చేతకాదు. 2015లో టీఎస్‌పీఎస్సీ సిలబస్ మారింది. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావానికి 150 మార్కుల పేపర్ వచ్చింది. పేపర్ వచ్చిన తర్వాతనే పుస్తకాలు వచ్చాయి, పాఠాలు వచ్చాయి, లక్షల మంది 1969 గురించి చదివారు. సిలబస్ బలం ఏమిటో మనకు అనుభవంలో ఉంది. 2024 జూన్‌లో ఏమైంది? తెలుగు వాచకాల ముందుమాటలో దిగిపోయిన ముఖ్యమంత్రి పేరు ఉందని, పిల్లలకు పంచిన పుస్తకాలను వెనక్కి తెప్పించారు. ముందుమాటలో ఒక పేరుకు అంత హడావిడి! లోపలి పాఠాల్లో ఏముంది, ఏం లేదు అన్నదానికి అందులో సగం హడావిడైనా ఎన్నడన్నా చూశామా?

ఇంటర్‌లో సివిక్స్ చదివేదెవరు? సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల పిల్లలు. కార్పొరేట్ కాలేజీలు ఎంపీసీ, బైపీసీ బోర్డులు కట్టుకుంటే, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సివిక్స్ క్లాసు నిండా పేదింటి బిడ్డలే. రేపు సర్పంచో, యూనియన్ నాయకురాలో, జర్నలిస్టో అయ్యేది వాళ్లలోంచే. వాళ్ల పాఠం కాబట్టే ఎవరికీ పట్టదు.

ఒక అభ్యంతరం వస్తుంది, మాకు తెలుసు. 'సిలబస్‌ను జనం ఓట్లతో రాస్తారా? గుంపు ఎక్కువుంటే అబద్ధం కూడా చరిత్ర అవుతుంది కదా' అంటారు. నిజమే, ఈ భయం ఉత్తది కాదు. మేం అడిగేది ఓటింగు కాదు. ఏ సంఘటన ఏ ఏడాది జరిగింది, సాక్ష్యం ఏమిటి అన్నది పండితులే తేల్చాలె. కానీ ఉన్న వెయ్యి విషయాల్లో ఏ వంద పిల్లలకు చెప్పాలె అన్నది ఒక్క పండితుని పని కాదు, అది రాజకీయ నిర్ణయం. రాజకీయ నిర్ణయమైతే నలుగురి ముందు జరగాలె.

ఇందుకు మన చట్టంలోనే దారి ఉంది. ఒక ఫ్యాక్టరీ పెట్టాలన్నా, గని తవ్వాలన్నా 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల నోటీసుతో ప్రజాభిప్రాయ సేకరణ చేయాలె. సారాంశం స్థానిక భాషలో ఇయ్యాలె. టెంటు వేసి, పోలీసులను నింపి, అనుకూలంగా మాట్లాడేవాళ్లకే మైకు ఇచ్చి దాన్ని ఎట్లా తంతుగా మారుస్తారో మనకు బాగా తెలుసు. అయినా ఆ నోటీసు ఉంది కాబట్టే అడ్డం తిరిగే హక్కు ఉంది. పొగ గొట్టానికి ఉన్న పాటి నియమం పిల్లల పాఠానికి ఎందుకు లేదు?

అందుకే మా డిమాండ్లు ఇవి. సిలబస్‌లో ఏ మార్పు చేసినా ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ముందే బయటపెట్టాలె. కలిపింది మాత్రమే కాదు, తీసేసిన పాఠాల జాబితాను కూడా కారణాలతో ఇయ్యాలె. కనీసం 30 రోజుల గడువు ఉండాలె, అది పరీక్షల కాలంలో ఉండొద్దు. వచ్చిన అభిప్రాయాలను ప్రకటించి, ఏది తీసుకున్నారు, ఏది ఎందుకు కాదన్నారు అన్నది రాతపూర్వకంగా చెప్పాలె. ప్రశ్నపత్రంలో ఏ పాఠానికి ఎన్ని మార్కులో కూడా ఈ చర్చలోకి రావాలె. పుస్తకంలో ఉండి పరీక్షలో రాని పాఠాన్ని మన కాలేజీల్లో ఎవరూ తెరవరు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు. సివిక్స్ లెక్చరర్లు, విద్యార్థి సంఘాలు ఈ నెలలోనే ఒక పని చేయవచ్చు. ఇంటర్ సివిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చోండి. ఎంతమంది ఆడవాళ్ల పేర్లున్నాయి? దళిత, ఆదివాసీ, ముస్లిం పేర్లు ఎన్ని? ఏ ఉద్యమం ఎన్ని పేజీలు, ఏ ఉద్యమం ఒక్క లైను? లెక్కగట్టి కాగితం మీద పెట్టి మాకు పంపండి. వచ్చిన ప్రతి లెక్కనూ ఈ పేజీలో అచ్చువేస్తాం. ఆ తర్వాత ఆ కాగితాలన్నీ పట్టుకుని ఇంటర్ బోర్డు గేటు దగ్గరికి అందరం కలిసే పోదాం.