మనలో మాట: అమ్మాయి షూ అమ్మకు సరిపోతుందా?

గిన్నెకు మూత సరిపోకపోతే మనం ఊరుకుంటామా? అలమర అంతా వెతికి సరైన మూత తెచ్చి పెడతాం. అదే మన కాలికి షూ సరిపోకపోతే మాత్రం "ఏదోలే, సర్దుకుందాం" అని తొడిగేసుకుంటాం. ఆ సర్దుకుపోవడం వల్ల నేను మూడు వారాలు నిద్ర లేకుండా గడిపాను. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పుకోవాలనుకుంటున్నాను.

నాకు నలభై ఆరేళ్ళు. పోయిన ఏడాది రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగరు వ్యాధి అంటారు, 5.7 నుంచి 6.4 దాకా గట్టు మీద నిలబడ్డట్టు. "అటు పడకుండా చూసుకోండమ్మా, రోజూ నడవండి" అంది డాక్టరమ్మ. నడిస్తే మోకాళ్ళు నొప్పి. "అయితే సైకిలు తొక్కండి. బరువంతా సీటు మోస్తుంది, మోకాళ్ళకు సుఖం" అంది.

సైకిలు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు గంటకు రూపాయి అద్దె సైకిలు మీద హవాయి చెప్పులతో ఊరంతా తిరిగినదాన్ని. పైగా మా పెద్దమ్మాయి కొనుక్కున్న రోడ్డు సైకిలు, దానికి బెంగుళూరులో ఉద్యోగం రావడంతో, మా బాల్కనీలో దుమ్ము కొట్టుకుంటోంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే ఎత్తు. సైకిలుతోపాటు ఏడు వేలు పెట్టి కొన్న దాని షూ కూడా ఉంది. "వేసుకోమ్మా, నీ కాలూ నా కాలూ ఒకటే కదా" అంది ఫోన్లో. ఊరికే పడి ఉన్న ఏడు వేల వస్తువు కళ్ళెదుట ఉండగా ఇంకోటి కొనడానికి మనకు చేతులొస్తాయా?

మాది హైదరాబాదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిలు బాట మాకు దగ్గరే. తెరిచినప్పుడు దాని పొడవు ఇరవై మూడు కిలోమీటర్లు, చాలావరకు పైన సోలార్ పలకల కప్పు, ఎండా పెద్దగా తగలదు, లారీల భయమూ లేదు. పొద్దున్నే పాలు కాచి, అక్కడికి బయల్దేరేదాన్ని. మొదటి అరగంట బాగానే ఉండేది. ఆ తర్వాత కుడికాలి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కేవి. మరి కాసేపటికి ఎడమకాలివి కూడా. వేళ్ళున్నాయో లేవో కూడా తెలిసేది కాదు.

మా అమ్మకు ఇరవై ఏళ్ళుగా షుగరు. కొత్త చెప్పు కరిచి పుండు పడితే, స్పర్శ లేక వారం దాకా ఆవిడకు తెలియలేదు. చివరికి చిటికెన వేలు తీసేశారు. నా వేళ్ళు మొద్దుబారగానే నాకు ఆ కాలే గుర్తొచ్చింది. మావారితో చెప్పలేదు, పిల్లలతో చెప్పలేదు. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక వేళ్ళు గిల్లి చూసుకునేదాన్ని.

మూడు వారాలకు ధైర్యం చేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరికాలంతా అక్కడక్కడ తాకిస్తూ "తెలుస్తోందా?" అని అడిగింది. ప్రతిసారీ తెలిసింది. "తిమ్మిరి ఎప్పుడు వస్తుంది?" "సైకిలు మీదేనండీ." "ఎప్పుడు పోతుంది?" "షూ విప్పిన పావుగంటకి." "రాత్రిళ్ళు మంటలు, సూదులు గుచ్చినట్టు?" "లేవండీ." ఆవిడ నవ్వి, "షుగరు మీద కోపం తర్వాత పడుదురుగాని, ముందు ఆ షూ సంగతి చూడండి" అంది.

ఒక్కమాట. నా తిమ్మిరి షూ వల్ల అని తేలింది కదా అని అందరిదీ అంతే అనుకోకండి. షుగరు ఉన్నవాళ్ళు, షూ విప్పినా తిమ్మిరి పోనివాళ్ళు, ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. నాలా మూడు వారాలు దాచుకోకండి సుమా!

కాగితం చెప్పిన నిజం

సైకిలు సామాను అమ్మే షాపుకెళ్ళాను. అక్కడి అబ్బాయి షూ లోపలి మెత్త బయటికి లాగి నేల మీద పెట్టి, "దీని మీద నిలబడండి ఆంటీ" అన్నాడు. నిలబడ్డాను. నా పాదం రెండు పక్కలా మెత్త దాటి బయటికొచ్చింది, చిన్న పెనం మీద పెద్ద అట్టు పోసినట్టు! మనం నిలబడితే పాదం ఎంత పరుచుకుంటుందో చూసుకునేందుకు ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

తర్వాత కొలత. ఇది మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. గోడకు ఆనించి నేల మీద తెల్లకాగితం పరచండి. మడమ గోడకు తగిలేలా, రెండు కాళ్ళ మీదా బరువు సమానంగా పెట్టి నిలబడండి. అన్నింటికంటే పొడవైన వేలి దగ్గర ఇంకొకరి చేత గీత పెట్టించండి. మనమే వంగితే కొలత మారిపోతుంది. పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట అటూ ఇటూ గుర్తులు పెట్టించండి. రెండు కాళ్ళూ కొలవండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఈ పని సాయంత్రమే చేయాలి. రోజంతా నిలబడి పనిచేసేసరికి మన పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. సైకిలు తొక్కినా, ఎండలోనూ అంతే.

నా ఎడమకాలు 24.6 సెంటీమీటర్లు, కుడికాలు 24.9. అమ్మాయి షూ 38వ నంబరు. ఆ కంపెనీ పట్టిక ప్రకారం అది 24 సెంటీమీటర్ల లోపు పాదానికి! పెళ్ళికి ముందు నాదీ ఆ నంబరే. కానీ కాన్పుల్లో చాలామందికి పాదాలు కాస్త పొడవూ వెడల్పూ పెరుగుతాయి, వయసుతోపాటు అరికాలి వంపూ తగ్గుతుంది. పాతికేళ్ళ కిందటి నంబరు పట్టుకుని కూర్చుంటే ఎలా? ఒక్కో కంపెనీ నంబరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి సెంటీమీటర్లే చెప్పండి.

ఏం చూసి కొనాలి?

సైకిలు షూ నడక షూ లాంటిది కాదు. దాని అడుగు గట్టిగా, వంగకుండా ఉంటుంది. మెత్తటి అడుగైతే పెడల్ పాదంలోకి గుచ్చుకుని కాసేపటికే మంట పుడుతుంది, కాలి బలం కూడా వృథా. పాదం లోపల వంగదు కాబట్టి నడక షూకు వదిలినంత ఖాళీ ముందు అక్కర్లేదు. అయినా వేళ్ళు హాయిగా కదలాలి. పక్కల ఒత్తిడి ఉండకూడదు. నడుస్తుంటే మడమ పైకి లేచి జారకూడదు. మడమ జారుతోంది కదా అని పైన పట్టీ బిగిస్తే నరాలు నొక్కుకుని మళ్ళీ తిమ్మిరే.

వెడల్పు చాలకపోతే నంబరు పెంచేయడం మనకు అలవాటు. అది సగం మందే. ముందు ఖాళీ పెరిగి మడమ జారుతుంది. వెడల్పు రకం అని విడిగా దొరుకుతాయి, అడగండి. ఆడవాళ్ళ రకం ఇరుకనిపిస్తే మగవాళ్ళ రకంలో చూడండి. రంగు ఎవరికి కావాలి, కాలికి సుఖం గానీ.

షాపుకి సాయంత్రం వెళ్ళండి. రోజూ వేసుకునే సాక్సే తీసుకెళ్ళండి. రెండు కాళ్ళకూ తొడుక్కుని పది నిమిషాలు కూర్చోండి. "వాడగా వాడగా వదులవుతుంది ఆంటీ" అంటే నమ్మకండి. ఈ గట్టి షూ పెద్దగా సాగదు. షాపులో నొప్పి పెట్టింది రోడ్డు మీద రెట్టింపు పెడుతుంది.

అడుగున బిగించే క్లీట్ అనే ముక్క సంగతి కూడా తెలుసుకోవాలి. అది పెడల్‌లో ఇరుక్కుని కాలు జారకుండా పట్టి ఉంచుతుంది. మూడు మరలది రోడ్డు పందేల రకం. అడుగు నుంచి బయటికి పొడుచుకు వస్తుంది, గచ్చు మీద నడిస్తే జారుతుంది. నేను ఒకసారి లిఫ్టు దగ్గర పడబోయాను. రెండు మరలది అడుగులోకి దిగి ఉంటుంది, మామూలుగా నడవొచ్చు. మనలాంటివాళ్ళకు ఇదే నయం. కాకపోతే పెడల్ కూడా దానికి తగ్గది వేయించాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మీరే తిప్పబోయి పాడుచేయక మెకానిక్కు అప్పగించండి. క్లీట్ మరీ వేళ్ళ వైపు ఉన్నా తిమ్మిరే. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముకకూ, చిటికెనవేలి మొదటి ఎముకకూ నడుమకు వచ్చేలా పెట్టించుకోండి.

కొత్తలో గోడ పట్టుకుని నిలబడి, మడమ బయటికి తిప్పి కాలు విడిపించుకోవడం ఇరవై ముప్పై సార్లు సాధన చేయాలి. భయమైతే క్లీట్లే వద్దు. మామూలు పెడల్ మీద, అడుగు చదునుగా గట్టిగా ఉన్న లేసుల షూ చాలు. లేసు కొసలు లోపలికి దోపండి, చున్నీ నడుముకు బిగించండి. గొలుసుకు రెండూ ఒకటే.

షూ తడిస్తే లోపలి మెత్త తీసి, పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. వాసనొస్తే చెంచాడు వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులపండి.

నేను 40వ నంబరు, వెడల్పు రకం, రెండు మరలది తీసుకున్నాను. ఆరు వేల చిల్లర. డబ్బిచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడింది. మావారే "నీ కాలికంటే ఎక్కువా?" అన్నారు. మర్నాడు గంటసేపు తొక్కాను. చిటికెన వేళ్ళు చక్కగా కదిలాయి. ఆ రోజే మొదటిసారి అమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా చెప్పులు కూడా చిన్నవేనే. మీ నాన్న తెచ్చారు కదా అని వేసుకున్నా" అంది.

పోయిన ఆదివారం ఊరెళ్ళి, గోడ దగ్గర కాగితం పరిచి అమ్మ పాదాలు నేనే కొలిచాను. ఆవిడ వేసుకుంటున్న చెప్పులు ఇప్పటికీ ఒక నంబరు చిన్నవే! వేలు పోయినా చెప్పు నంబరు మారలేదు చూశారా? మెత్తటి అడుగున్న వెడల్పు చెప్పులు కొనిపెట్టి, రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోమని చెప్పి వచ్చాను.

మీకు సైకిలు ఉన్నా లేకపోయినా, ఇవాళ సాయంత్రం వంట మొదలెట్టే ముందు ఓ తెల్లకాగితం, పెన్సిలు తీసుకోండి. ఇంట్లో అందరివీ కొలవండి. అందరివీ అయ్యాక మీవి మరచిపోకండేం!