గోడ కట్టేది మేస్త్రీ, జీతం హెల్పర్‌ది

శుక్రవారం సాయంత్రం మస్కట్‌లో రువి వైపు వెళితే తెలుగు కోసం వెతుక్కోనక్కర్లేదు. చాయ్ దుకాణాల ముందు జగిత్యాల యాస, కామారెడ్డి యాస, కడప మాట, కోనసీమ మాట కలగలిసి చెవిన పడతాయి. వారానికి ఒక్క సెలవు. క్యాంపుల నుంచి వచ్చి ఇంటికి డబ్బులు పంపి, నాలుగు మాటలు మాట్లాడుకుని వెళతారు.

అక్కడే ఒకాయన తన ఫోన్‌లో వీసా కాగితం తీసి చూపించాడు. ఊళ్లో ఎనిమిదేళ్లు తాపీ పని చేసిన మనిషి. కాగితంలో వృత్తి అని ఉన్నచోట మాత్రం కూలీ అని ఉంది. "గోడ నేనే కడ్త సార్. గుండు ఏసి నేనే జూస్త. జీతం మాత్రం హెల్పర్‌ది" అన్నాడు. ఆయన కుడిచేతి బొటనవేలి మొదట్లో తాపీ పిడి రాసుకుని కాయ కాసింది. సిమెంటు తిన్న వేళ్ల మీద గోళ్లు తెల్లబారాయి. ఎనిమిదేళ్ల చదువు ఆ చేతిలో ఉంది. కంపెనీ చూసేది కాగితాన్నే.

లెక్క కూడా ఆయనే చెప్పాడు. ఏజెంటుకు ఇచ్చింది 80 వేలు. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ. ఆ 80 వేలు తెచ్చింది నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి. అంటే నెల తిరిగేసరికి వడ్డీయే 2,400. ఆయన పనిచేసే చోట మేస్త్రీకీ హెల్పర్‌కీ జీతంలో 40 రియాళ్ల తేడా. ఒక రియాల్ 2.6 డాలర్లు. మన డబ్బుల్లో ఆ తేడా నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు. రెండేళ్ల ఒప్పందం మొత్తానికి చూస్తే తెచ్చిన అప్పు తీరి, ఇంటికి రేకులు వేసుకునేంత. కాగితం మీద ఒక్క మాట మారితే వచ్చేది ఇంత.

వలస బతుకంటే బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఊరికే అనలేదు మనవాళ్లు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని డ్యాములకు, కాలువలకు మట్టి పని చేశారో! ఆ పని వాళ్లకు ఏ బడీ నేర్పలేదు. తండ్రి వెంట, మేస్త్రీ వెంట తిరిగి నేర్చుకున్నారు. ఇప్పుడు నైపుణ్యం లేదు, శిక్షణ ఇవ్వాలి అని సభల్లో మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చాలామందికి పని వచ్చు. వచ్చని చెప్పే కాగితమే చేతిలో లేదు. ఇక ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. ముప్పై ఏళ్లు మాలు తట్టలు మోసిన ఆమె చేతికి తాపీ ఇచ్చినవాళ్లను నేను చూడలేదు.

పనే రానివాళ్లకు మార్గం లేకపోలేదు. హైదరాబాద్‌లో 1998లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు. అందరూ న్యాక్ అంటారు. తాపీ, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, వైరింగ్, పెయింటింగ్ లాంటివి మూడు నెలల్లో నేర్పుతుంది, తిండీ బసా తనే చూసుకుంటుంది. మంచి సంస్థ. దాని వల్ల బతుకు దారికి వచ్చినవాళ్లు ఉన్నారు. వైరింగ్ నేర్చినవాడికి జీతమొక్కటే కాదు, నీడపట్టున పని కూడా దొరుకుతుంది. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని ఆపాలన్న నిబంధన ఎందుకు పెట్టాల్సి వచ్చిందో హెల్పర్‌ను అడిగితే చెబుతాడు.

అయితే నిరుపేద ఆ గేటు దాకా రాలేడు. మూడు నెలలు కూలి మానుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అతని తిండి న్యాక్ పెడుతుంది, పిల్లల తిండి ఎవరు పెట్టాలి? అందుకే శిక్షణ కోసం ఆగకుండా అప్పు చేసి, ఏ వీసా దొరికితే ఆ వీసా మీద విమానం ఎక్కేస్తాడు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 1996 చట్టం వచ్చాక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం పేరుతో కట్టడాల మీద ఒక శాతం సెస్సు వసూలు చేస్తూ వచ్చారు. దేశం మొత్తం మీద 37,400 కోట్లు వసూలైతే కార్మికుల కోసం ఖర్చు పెట్టింది 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టే తీర్పులో రాసింది. అది కార్మికుడి సొమ్ము. ఆ సొమ్ములోంచి శిక్షణ పొందే మూడు నెలలూ రోజుకూలి ఇంటికి పంపాలి. పని వచ్చినవాడి చేత సొంత మండలంలోనే గోడ కట్టించి చూసి, వారంలో సర్టిఫికెట్ చేతిలో పెట్టాలి. తెలంగాణ ప్రభుత్వానికి విదేశీ ఉద్యోగాల కోసం టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది. ఆ సర్టిఫికెట్‌లో ఏ పని ఉందో వీసాలోనూ అదే పని ఉండేలా చూసే బాధ్యత దానిది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ పని ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.

అంతవరకూ ఒక్క మాట. మీ ఇంట్లోనో మీ వీధిలోనో గల్ఫ్‌కు బయలుదేరేవాళ్లు ఉంటే, ఏజెంటుకు డబ్బు కట్టకముందే వీసా కాగితం తెప్పించండి. వృత్తి అని ఉన్నచోట ఏం రాశారో చదువుకున్న పిల్లలెవరి చేతైనా పైకి చదివించి వినండి.