రెండింతల స్వాప్ : అవసరమా, ఆచారమా?

లినక్స్ స్థాపించుకొనే ప్రతివారూ ఒకచోట ఆగి తీరుతారు. స్వాప్ ఎంత ఉంచాలి? పక్కనున్నవారు వెంటనే మంత్రం చదువుతారు: "ర్యామ్ ఎంతో దానికి రెండింతలు." ఎందుకని అడిగితే మాత్రం మౌనమే సమాధానం. ముప్పైయేళ్ళు తరగతిగదిలో సూత్రంతోపాటు దాని ప్రయోజనాన్నీ, అపవాదాలనూ చెప్పినవాణ్ణి. కారణం తెలియని సూత్రాన్ని వల్లెవేయడం నాకు రుచించదు.

ర్యామ్ వంటిల్లనుకుంటే స్వాప్ అటక. నిత్యం వాడే గరిటె చేతికందే చోట ఉండాలి. ఏడాదికొకసారి వాడే గుండిగ అటకెక్కితే వంటింట్లో చోటు మిగులుతుంది. కాని పోపు వేసిన ప్రతిసారీ నిచ్చెన ఎక్కవలసివస్తే ఇక వంట సాగదు. తిరిగే హార్డుడిస్కులో ఒక చోటు వెతికి పట్టుకోవడానికి, ర్యామ్‌లో వెతకడానికయ్యే సమయం కంటే సుమారు లక్షరెట్లు ఎక్కువ పడుతుంది. అటక పెద్దదైనంత మాత్రాన వంటిల్లు పెద్దది కాదు.

రెండింతల మాట ఆకాశం నుండి ఊడిపడలేదు, ఒప్పుకుంటాను. 64 మెగాబైట్ల ర్యామ్ ఉన్న రోజుల్లో 128 స్వాప్ ఇవ్వడం ఉచితమే. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 తొలి విడతల్లో, స్వాప్ నుండి వెనక్కి తెచ్చుకున్న పుటకు స్వాప్‌లోని చోటు వెంటనే ఖాళీ అయ్యేది కాదు. కనుక అప్పట్లో రెండింతలు నిజంగానే కావలసివచ్చింది. తరువాతి విడతల్లో దాన్ని సవరించారు. కారణం పోయింది, సూత్రం మిగిలింది. మనవాళ్ళు గొర్రెదాటుగా దాన్నే అనుసరిస్తున్నారు.

ఆ సూత్రంలోని అసలు దోషం లెక్కలోనే ఉంది. 32 జీబీల ర్యామ్ ఉన్న శ్రీమంతుడికి 64 జీబీల స్వాప్, 2 జీబీలున్న నిరుపేదకు 4 మాత్రమే! ఆదుకోవలసిన అవసరం ఎవరికి ఎక్కువ? ఉన్నవాడికి కొండంత, లేనివాడికి గోరంత పంచే ధర్మం ఏ శాస్త్రంలోనిది?

ఇక రెండో వర్గం ఉంది. "ఇది కొత్తకాలం, స్వాప్ అక్కరలేదు" అంటారు వీరు. నా 4 జీబీల ల్యాప్‌టాప్‌లో లినక్స్ స్థాపించి ఇచ్చినాయన ఈ వర్గంవాడే. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక శతకానికి వ్యాఖ్య టైపు చేశాను. పక్కన బ్రౌజరులో నిఘంటువుల కిటికీలు పదో పన్నెండో తెరిచి ఉన్నాయి. ఉన్నట్టుండి నేను రాస్తున్న కిటికీ మాయమైంది. నడుమనడుమ భద్రపరచకపోవడం నా తప్పే. కాని దాన్ని చంపింది కెర్నెలే. జ్ఞాపకం చాలనప్పుడు ఏదో ఒక ప్రోగ్రామును బలి ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. డిస్కులో మూలప్రతి ఉన్న పుటలను అది వదిలేసి మళ్ళీ చదువుకోగలదు. నేను అప్పుడే టైపు చేసిన పుటకు మూలప్రతి ఎక్కడిది? స్వాప్ లేకపోతే దానికి తలదాచుకునే చోటే లేదు.

మరి ఎంత ఉంచాలి? రెడ్‌హ్యాట్ సంస్థ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కు చెప్పిన లెక్క చూడండి: 2 జీబీల వరకు ర్యామ్ ఉంటే రెండింతలు, 2 నుండి 8 వరకు సమానం, ఆపైన 64 వరకు కనీసం 4 జీబీలు. ర్యామ్ పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గుతోంది, గమనించండి. హైబర్నేషన్ కావాలనుకునేవారిది వేరే దారి. అప్పుడు ర్యామ్‌లోని సరుకు డిస్కులోకి చేరాలి గనుక, ర్యామ్‌కు తగ్గకుండా ఉంచడం క్షేమం.

ఈ లెక్క కూడా ఆరంభం మాత్రమే. మీ పని మీరే కొలుచుకోవాలి. మామూలుగా తెరిచే కిటికీలన్నీ తెరిచి, టెర్మినల్‌లో 'వీఎంస్టాట్ 5' అని నడపండి. 'ఎస్ఐ', 'ఎస్ఓ' అనే వరుసలు చూడండి. స్వాప్ కొంత నిండినా ఆ రెండూ సున్నాల దగ్గరే ఉంటే గుండిగలు అటక మీద హాయిగా ఉన్నాయని అర్థం. రెండూ ఆగకుండా పెద్ద అంకెలు చూపిస్తుంటే నిచ్చెన మీద రాకపోకలు ఎక్కువయ్యాయని అర్థం. అక్కడ స్వాప్ పెంచి ప్రయోజనం లేదు. ర్యామ్ పెంచాలి, లేదా కిటికీలు మూయాలి.

మొదటి నిర్ణయం తప్పినా కొంప మునగదు. 2017లో వచ్చిన ఉబుంటు 17.04 మామూలు స్థాపనలో స్వాప్ విభజనకు బదులు స్వాప్ ఫైలును ప్రవేశపెట్టింది. ఫైలును తరువాత మార్చుకోవడం సులువు. 2020లో వచ్చిన ఫెడోరా 33, పుటలను ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్‌ను స్వాప్‌గా నడిపింది. నేనూ ఇప్పుడు జెడ్‌ర్యామ్‌కు తోడు 4 జీబీల ఫైలు ఉంచుకున్నాను. వ్యాఖ్య మళ్ళీ మొదటినుండి రాశాను. ఈసారి పోలేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత వాదం దేనికంటారా? ఇలాంటి పాత యంత్రాలు పింఛనుదారుల ఇళ్ళలో, పిల్లల చదువుబల్లల మీద ఎన్నో ఉన్నాయి. స్వాప్ తప్పుగా ఉంచి, ఆపై "యంత్రం పాతబడింది, కొత్తది కొనండి" అని తీర్పు చెప్పేవారే ఎక్కువ. మిత్రులారా, ఎవరైనా మిమ్మల్ని స్వాప్ ఎంత అని అడిగితే అంకె చెప్పకండి. ముందు "నీ యంత్రంతో ఏం చేస్తావు?" అని అడగండి.