పడవ ఒక్కటే చాలదు, పానా కూడా కావాలి

సముద్రం మీద కాపురముండి పడవ నడపడానికి స్త్రీ పనికిరాదా? బడంగ్‌పేట్‌లో కూర్చుని ఈ ప్రశ్న అడగడం వింతగా తోచవచ్చు. ఇక్కడికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కానీ ఈ ప్రశ్నకు మన దేశంలో వచ్చిన జవాబులు మన బస్తీల ఆడవాళ్ళకూ వర్తిస్తాయి. అందుకే రాస్తున్నాను.

2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ స్త్రీ అధికారులు ‘తారిణి’ అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. 55 అడుగుల ఆ పడవలోనే వండుకుంటూ, వంతులవారీగా నిద్రపోతూ, భూగోళాన్ని చుట్టి 254 రోజులకు, 2018 మే 21న తిరిగి వచ్చారు. పత్రికలన్నీ వాళ్ళ ధైర్యాన్ని పొగిడాయి. ధైర్యం సరే, వాళ్ళు నేర్చుకున్న పని సంగతేమిటి?

వాళ్ళు పని నేర్చుకున్నది కొత్త పడవ మీద కాదు. 2009లో నౌకాదళంలో చేరి, అప్పటికే సముద్రాలు దాటి వచ్చిన ‘మ్హాదేయి’ మీద. పాత పడవను నివాసానికీ దూరప్రయాణానికీ సిద్ధం చేయడమంటే రంగులు వేయడం కాదు. ఒడ్డుకు లాగి అడుగుభాగం గీకాలి. నీరు ఊరే చోటు వెతకాలి. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కుతీగల్లో ఒక్క పోగు తెగినా మార్చాలి. చిరిగిన తెరచాప కుట్టాలి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం, పొయ్యి, బ్యాటరీలు, మరుగుదొడ్డి పంపు - వీటిలో ఏది మొరాయించినా నడిసముద్రంలోకి మెకానిక్ రాడు. తారిణి తిరుగు ప్రయాణంలో చుక్కాని నడిపే యంత్రాంగం చెడి, 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. అది బాగుచేయించుకునే ఇల్లు చేరారు. అదే తారిణి ఏడేళ్ళు పాతబడ్డాక, 2024 అక్టోబరులో దిల్నా, రూప ఇద్దరే దాని మీద బయలుదేరి, 2025 మేలో మరోసారి భూమిని చుట్టి వచ్చారు.

ఇక రెండో జవాబు చూడండి. 2018లో ఈ ఆరుగురికి దండలు వేసిన ప్రభుత్వమే, నౌకాదళ స్త్రీ అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలన్న ఢిల్లీ హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టులో అప్పీలు నడిపింది! దాని వాదనల్లో ఒకటి, రష్యాలో తయారైన కొన్ని ఓడల్లో స్త్రీలకు స్నానాల గదులు లేవని. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ఓడకు ఒక అడ్డుగోడ, ఒక తలుపు, ఒక గడియ పెట్టించడం వడ్రంగి పని. దాన్ని స్త్రీ శరీరపు లోపంగా చూపించడం రాజకీయం. మరుగుదొడ్డి లేదు కాబట్టి ఆడవాళ్ళు వద్దనే మాట మనం ఓడల్లోనే విన్నామా? భవన నిర్మాణం దగ్గర, వర్క్‌షాపుల దగ్గర వినలేదా?

“వాళ్ళు జీతాలున్న అధికారులు, మన ఆడవాళ్ళతో పోలికేమిటి?” అని కొందరు అక్కలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తేడా డబ్బులోనే కాదు, శిక్షణలోనూ ఉంది. బడంగ్‌పేట్‌లో మా సంఘం ఆడవాళ్ళకు కుట్టు నేర్పుతుంది. మిషను ఆగిపోతే మాత్రం మెకానిక్ అన్న వచ్చేదాకా పని ఆగుతుంది, ఆ రోజు కూలి పోతుంది. సూది మన చేతికిచ్చిన సమాజం స్క్రూడ్రైవరు ఇవ్వలేదు. అది ఇవ్వకపోవడమే మనల్ని పరాధీనంగా ఉంచే పద్ధతి.

మన తీరంలోనూ ఇదే కథ. పట్టిన చేపను అమ్మి ఇల్లు నడిపేది స్త్రీ. పడవ, ఇంజను, వాటి మరమ్మతు మాత్రం మగవాళ్ళ లోకం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో జనరల్ వర్గం లబ్ధిదారులకు 40 శాతం, స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సాయం అని రాశారు. మంచిదే. అయితే పేరు ఆమెది, పడవ మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటే ఆ హక్కు కాగితం దాటదు. ఇంజను విప్పి బిగించడం తెలిసిన స్త్రీ పడవకు నిజంగా యజమానురాలవుతుంది.

కనుక మన సంఘాలు అడగవలసినవి మూడు. స్త్రీ పేరున ఇచ్చే ప్రతి పడవ, ఆటో, మిషనుతో పాటు దాని మరమ్మతు శిక్షణ కూడా ఆమెకే ఇవ్వాలి. ఐటిఐల మెకానిక్ కోర్సుల్లో ఆడపిల్లలు చేరేలా, చేరిన వాళ్ళు మానకుండా ఉండేలా వసతులు కల్పించాలి. వసతి లేదన్న సాకుతో స్త్రీకి పని నిరాకరిస్తే దాన్ని వివక్షగానే ఫిర్యాదు చేయాలి. మొదటి పని మన నుంచే మొదలుపెడదాం. వచ్చే కుట్టు శిక్షణలో మొదటి వారం మిషను విప్పడం, బిగించడం నేర్పుదాం.