పదకొండు రికార్డులు, ఆరేళ్ళ మౌనం

షవర్ష్ కరపెత్యాన్ కథ మీలో చాలామంది ఫోన్లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చెరువులో మునిగిన ట్రాలీబస్సు, అటుగా పరిగెత్తుతున్న ఈత ఛాంపియన్, 20 మంది ప్రాణాలు, చివర్న రెండు చేతులు జోడించిన బొమ్మ. పది మందికి పంపమని ఒక ఆజ్ఞ కూడా. ఆ కథ జరిగిందే, అబద్ధమేమీ లేదు. నా పేచీ దాన్ని చెప్తున్న పద్ధతితో. అందులోంచి ఒక తేదీని పీకేసి చెప్తున్నారు. ఆ తేదీ లేకపోతే అదొక వీరగాథ. ఉంటే ఒక రాజ్యాన్ని బోనులో నిలబెట్టే సాక్ష్యం.

ముందు ఆ ఆట సంగతి. చాలామందికి ఇలాంటి ఆట ఒకటుందనే తెలియదు కాబట్టి.

ఫిన్‌స్విమ్మింగ్ అంటే కాళ్ళకు రెక్కలు తొడుక్కుని ఈదటం. రెండు పాదాలకూ విడివిడి రెక్కలు, లేదంటే రెండు పాదాలూ కలిపి దూర్చే ఒకే వెడల్పాటి పలక. దాన్ని మోనోఫిన్ అంటారు. అది తొడుక్కుంటే మనిషి నడుము కింద చేపే. చేతులు ముందుకు చాచి బిగించి, వొంటిని అలలాగా ఆడిస్తూ దూసుకుపోవటమే. నుదుటి మధ్య నుంచి పైకి లేచే గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైన ఈదే పోటీలున్నాయి. గాలి సిలిండర్ చేత పట్టుకుని నీటి అడుగున ఈదేవున్నాయి. ఒక్క గుక్క గాలితో, మొహం పైకెత్తకుండా 50 మీటర్లు మునకలోనే పోయేది ఒకటుంది, దాని పేరు ఏప్నియా. మామూలు ఈతలో 50 మీటర్లకు బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో 2009లో పెట్టిన ప్రపంచ రికార్డు 20.91 సెకన్లు. ఏప్నియాలో మేటి మగవాళ్ళు ఆ దూరాన్ని సుమారు 14 సెకన్లలో ముగిస్తారు. నీళ్ళలో మనిషి తన కండబలంతో ఇంతకంటే వేగంగా కదిలే పోటీ ఇంకోటి లేదు.

అయినా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు లేదు. దీన్ని నడిపే సీఎంఏఎస్ అనే సమాఖ్య 1959లో మొనాకోలో పుట్టింది, సముద్రాల మీద సినిమాలు తీసిన జాక్ కూస్తో దానికి మొదటి అధ్యక్షుడు. 1986లో ఒలింపిక్ కమిటీ ఆ సమాఖ్యను గుర్తించింది, ఆటను మాత్రం గడప బయటే నిలబెట్టింది. గుర్తించి లోపలికి రానివ్వకపోవటం మనకు తెలిసిన మర్యాదే. సరే, అది వేరే వ్యాసం.

సోవియట్ యూనియన్‌లో ఈ ఆట దోసాఫ్ అనే సంస్థ నీడలో పెరిగింది. సైన్యానికీ, వాయుసేనకూ, నౌకాదళానికీ కుర్రాళ్ళను తయారుచేసి పెట్టే సంస్థ అది. నీటి అడుగున చేపల్లా ఈదే కుర్రాళ్ళు నౌకాదళానికి ఎందుకు పనికొస్తారో నేను వివరించక్కర్లేదు. ఈతకొలను, కోచ్, శిబిరం, తిండి అన్నీ రాజ్యం పెట్టుబడి. దాని మీద వచ్చే వడ్డీ పేరే ప్రపంచ రికార్డు.

కరపెత్యాన్ 1953లో ఆర్మేనియాలోని కిరొవాకాన్‌లో పుట్టాడు. ఇవాళ ఆ ఊరు వనద్జోర్. మొదట మామూలు ఈతగాడే. ఇతనికి భవిష్యత్తు లేదని పక్కనపెడితే, లిపరిత్ అల్మసాక్యాన్ అనే కోచ్ పిలిచి కాళ్ళకు రెక్కలు తొడిగాడు. 1972లో యూరప్ పోటీల్లో గెలిచాడు, ప్రపంచ రికార్డుల వరస అక్కడ మొదలైంది. మొత్తం 11 ప్రపంచ రికార్డులు. 17 సార్లు ప్రపంచ విజేత, 13 సార్లు యూరప్ విజేత అని ఆయన గురించి రాసే ప్రతివాళ్ళూ రాస్తారు. ప్రతి రికార్డుకూ తేదీ, కొలను, గడియారం, న్యాయనిర్ణేతల సంతకం ఉన్నాయి. పత్రికలో వార్త కూడా.

ఇప్పుడు 1976 సెప్టెంబర్ 16కి రండి. యెరెవాన్ నగరంలో ఒక పెద్ద జలాశయం, దాని కట్ట మీద రోడ్డు. తమ్ముడు కామోతో కలిసి 20 కిలోమీటర్ల పరుగు ముగిస్తున్నాడు. ప్రయాణికులతో నిండిన ట్రాలీబస్సు కట్ట దిగి నీళ్ళలో పడింది. 92 మంది ఉన్నారంటారు. అది పది మీటర్ల లోతుకు వెళ్ళి కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ దూకారు. తమ్ముడు పైన నీటిమీద ఉండి అందుకున్నాడు, అన్న కిందికి వెళ్ళాడు.

పది మీటర్ల లోతు అంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ వొంటి మీద ఒత్తిడి నేల మీదకంటే రెట్టింపు. పైన గుండెల నిండా పట్టిన గాలి అక్కడ సగానికి కుంచించుకుపోతుంది. చెవులు పగిలిపోతున్నట్టుంటాయి. బస్సు లేపిన బురదలో కళ్ళు కనిపించవు, మురుగు కలిసిన చల్లటి నీళ్ళు. వెనక అద్దాన్ని కాళ్ళతో తన్ని పగలగొట్టాడు, గాజు పెంకులు వొంట్లో దిగాయి. చేతికి తగిలిన మనిషిని తగిలినట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. మళ్ళీ కిందికి. మళ్ళీ. ఈ మునకలకు గడియారం పట్టినవాడు లేడు. ఆయన చేతుల మీదుగా పైకొచ్చి బతికినవాళ్ళు 20 మంది.

ఆ తర్వాత ఆయన 45 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు ఊపిరితిత్తులకూ నిమోనియా, రక్తంలోకి విషం పాకింది. కోలుకుని నీళ్ళలోకి దిగి ఇంకో రికార్డు కూడా పెట్టాడు, కానీ ఆ ఊపిరితిత్తులు మునుపటివి కావు. ఆట ముగిసింది.

ఇక ఆ తేదీ. 1982 అక్టోబర్ 12. ఆ రోజు ‘కొంసొమోల్‌స్కాయా ప్రావ్దా’లో వ్యాసం వచ్చేదాకా, ఆ చెరువులో ఆ మనుషుల్ని పైకి తెచ్చింది ప్రపంచ విజేత కరపెత్యాన్ అని దేశానికి తెలియదు. ఆరేళ్ళు. ప్రమాదం ఫోటోలు ప్రాసిక్యూటర్ ఆఫీసులో బీరువా పాలయ్యాయి. వ్యాసం వచ్చాక ఆయన పేర దాదాపు 60,000 ఉత్తరాలు వచ్చాయట. అంటే జనం కృతఘ్నులు కారు. చెప్పనివ్వలేదు, అంతే.

ఎందుకు చెప్పనివ్వలేదు? సోవియట్ పత్రికల్లో విమానాలు కూలవు, గనులు పేలవు, ట్రాలీబస్సులు చెరువుల్లో పడవు. కరపెత్యాన్ కాపాడాడని రాయాలంటే ముందు ట్రాలీబస్సు పడిందని రాయాలి. పడిందని రాస్తే ఎందుకు పడిందని అడుగుతారు. కట్ట మీద రక్షణగోడ సంగతి, రక్షణ దళం ఎంతసేపటికి వచ్చిందన్న సంగతి, చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకు ఏమని చెప్పారన్న సంగతి, అన్నీ వరసగా బయటికొస్తాయి. అందుకని ఒక మనిషి చేసిన అత్యంత గొప్ప పనిని చచ్చినవాళ్ళతో పాటే పూడ్చిపెట్టారు. కొలనులో అతను కొట్టిన సెకన్లు రాజ్యానికి ప్రతిష్ట. చెరువులో అతను తెచ్చిన ప్రాణాలు రాజ్యానికి తలవంపు. ఏది రికార్డవుతుందో, ఏది కాదో తేల్చేది స్టాప్‌వాచీ అనుకునేవాళ్ళ అమాయకత్వానికి నా నమస్కారం.

వామపక్ష మిత్రులు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోండి. ఆ ఈతకొలను కట్టి ఒక మామూలు ఇంటి పిల్లవాడికి అందించింది కూడా ఆ వ్యవస్థే, అదీ రాశాను పైన. రెండూ రాయాలి.

ఈ మధ్య ఒక కాలేజీలో వ్యక్తిత్వ వికాసం క్లాసు జరిగింది, పేరు అనవసరం. ట్రైనర్ గారు తెర మీద కరపెత్యాన్ బొమ్మ వేసి, "సంకల్పముంటే ఊపిరి కూడా మీ మాట వింటుంది" అని పిల్లల చేత మూడుసార్లు అనిపించారు. ఒళ్ళు మండింది. ఊపిరి ఎవరి మాటా వినదు. రక్తంలో బొగ్గుపులుసు గాలి పెరిగితే డొక్కలు వాటంతటవే ఎగిరిపడతాయి. దాన్ని కాసేపు ఓర్చుకోవటం ఏళ్ళ తరబడి చేసిన సాధన, ఆ సాధనకు కొలను కావాలి, పక్కన నిలబడే కోచ్ కావాలి, పొద్దున్నే కడుపులో తిండి కావాలి. మన హాస్టల్ పిల్లలకు వీటిలో ఏమున్నాయి? లేనివన్నీ దాచిపెట్టి, ఉన్న ఒక్క మనసునీ ముందుకు తోసి, గెలవకపోతే నీ మనసుదే తప్పు అనటం కంటే పెద్ద మోసం ఉందా? ఆ సంకల్పం పేరు చెప్పి బావిలోకి దూకే పిల్లవాడు ఉంటే ఎవరు జవాబుదారీ?

క్లాసు చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మిగతావాళ్ళు ఏమయ్యారు?" అని అడిగింది. 92లోంచి 20 తీసేయగా మిగిలినవాళ్ళ గురించి. కొందరు పగిలిన అద్దంలోంచి సొంతంగా బయటపడి ఉండొచ్చు, పదుల మంది పడలేదు. ట్రైనర్ గారు "నెగటివ్‌గా ఆలోచించకమ్మా" అన్నారు.

అయితే ఆ నెగటివ్ ఆలోచన కరపెత్యాన్‌దే. ఆ చీకట్లో ఒకసారి ఆయన పైకి తెచ్చింది మనిషిని కాదు, సీటు మీది దిండును. కంటికి కనపడక, చేతికి తగిలిందని పట్టుకొచ్చాడు. ఆ ఒక్క మునకతో ఇంకొకరు బతికి ఉండేవారని, ఆ దిండు ఏళ్ళ తరబడి తన కలలోకి వచ్చేదని ఆయనే చెప్పుకున్నాడు. 20 మందిని తెచ్చినవాడు తేలేకపోయిన 21వ మనిషిని లెక్కపెడుతున్నాడు. తెర మీద బొమ్మ వేసినవాడికి ఆ లెక్క నెగటివ్‌గా కనిపించింది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి ఒక మాట. మన కావ్యాలకు అష్టాదశ వర్ణనలు కావాలన్నారు ఆలంకారికులు. అందులో జలక్రీడ ఒకటి. రాజు, రాణులు, సరస్సు, చల్లుకునే నీళ్ళు, పద్యం వెనక పద్యం. ఆ సరస్సు తవ్వినవాడు కనపడడు, పూడిక తీసినవాడూ కనపడడు. అందులో ఎవరైనా మునిగి చచ్చారా అన్న ప్రశ్నకు ఛందస్సులో చోటే లేదు. నాయకుడు సద్వంశంలో పుట్టిన ధీరోదాత్తుడై ఉండాలన్నది లక్షణం, మిగతా లోకమంతా అతని వెనక తెర. వాట్సాప్ వీరగాథ ఆ లక్షణానికి అక్షరం తప్పకుండా కట్టుబడి ఉంది. వంశం ఒక్కటే మారింది, తెర మారలేదు.

ఈ తెర వెనకకు మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. 2015 నవంబర్ 26, కోళికోడ్. ఆంధ్ర నుంచి కూలికి పోయిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో దిగి లేవలేదు. అటు వచ్చిన ఆటోడ్రైవర్ నౌషాద్, వాళ్ళెవరో కూడా తెలియకుండా, దిగాడు. ముగ్గురూ చనిపోయారు. దేశం మొదటిసారి అధికారికంగా రాజ్యాంగ దినోత్సవం జరుపుకున్న రోజు అది. నౌషాద్‌ది కరపెత్యాన్‌కు ఏ మాత్రం తీసిపోని పని. పైగా అతనికి శిక్షణ లేదు, రికార్డు లేదు. కానీ తర్వాత ఏం జరిగింది? అతని త్యాగం మీద వారం రోజులు రాశారు, ఆ పైన అతని మతం మీదా, కుటుంబానికిచ్చిన పరిహారం మీదా రగడ లేపారు. ముసుగూ తాడూ లేకుండా ఆ ఇద్దర్నీ లోపలికి ఎవరు దింపారు, 2013 చట్టం ఉండగా ఎలా దింపారు అన్న ప్రశ్న ఆ వీరగాథ కింద, ఆ రగడ కింద నలిగిపోయింది.

కాపాడినవాణ్ణి పొగుడుతూ పొగుడుతూ, తోసినవాణ్ణి వదిలేస్తాం.

సోవియట్ వాళ్ళు వార్త ఆపారు, మనవాళ్ళు మాట మార్చారు. 2021 జూలైలో రాజ్యసభలో కేంద్ర మంత్రి, చేతులతో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోలేదని జవాబిచ్చాడు. మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ళు వేరే గడిలో ఉంటారు: ‘ప్రమాదకర శుభ్రత’. గడి మారిస్తే శవం మాయం. మీరు ఏప్నియా పోటీలో 14 సెకన్ల మునకకు ఎన్ని ఏర్పాట్లుంటాయో చూడండి. నీళ్ళలో కాపలా ఈతగాడు, గట్టు మీద వైద్యుడు, శుద్ధి చేసిన నీళ్ళు. బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా లెక్కకట్టి చూపిస్తున్న చావులకు ఆ గట్టే లేదు.

కరపెత్యాన్ దగ్గరికే వస్తాను, ఆయన కథ ఇంకా ఉంది. 1985 ఫిబ్రవరి 19న యెరెవాన్ క్రీడా భవనం అంటుకుంటే ఆ మంటల్లోకీ దూరాడు, కాలి మళ్ళీ ఆసుపత్రి పాలయ్యాడు. ఒక గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. తర్వాత మాస్కో పోయి బతుకుతెరువుకు చెప్పుల వ్యాపారం పెట్టుకున్నాడు, దాని పేరు ‘రెండో ఊపిరి’. 11 ప్రపంచ రికార్డులున్నవాడు చెప్పులు కుట్టించి అమ్మాడంటే మా క్లాసులో కొందరు పిల్లలు "అయ్యో" అన్నారు. ఆ అయ్యో ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళనే అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాదిగ పేట నుంచి వచ్చిన కుర్రాడొకడు మాత్రం నవ్వాడు.

2013 అక్టోబర్ 6న, సోచి ఒలింపిక్స్ జ్యోతిని క్రెమ్లిన్‌లో మోయటానికి కరపెత్యాన్‌ను పిలిచారు. ఆయన ఆట లేని ఒలింపిక్స్. అరవై ఏళ్ళ మనిషి తెల్ల దుస్తుల్లో కాగడా పట్టుకుని పరిగెత్తుతుంటే గేటు దగ్గర మంట ఆరిపోయింది. పక్కనున్న భద్రతా సిబ్బందిలో ఒకడు జేబులోంచి సిగరెట్ లైటర్ తీసి వెలిగించాడు. ఈసారి కెమెరాలు తిరుగుతున్నాయి. సాయంత్రానికల్లా ప్రపంచమంతా చూసింది.